అద్దం అవతలి పాప

"సంచి బోర్లించు" అన్నాడు అన్నయ్య.

ఆయా కదల్లేదు. అన్నయ్యే ఆ గుడ్డ సంచి లాక్కుని వరండాలో దులిపాడు. దువ్వెన, మడత పెట్టిన చీర, సగం తిన్న బిస్కెట్ల పొట్లం కింద పడ్డాయి. ఒక చిన్న సీసా దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. అన్నయ్య వంగి సీసా తీసుకుని, మూత విప్పి వాసన చూశాడు.

"ఏంటిది?"

"కడుపునొప్పి మందు అయ్యగారూ. నాకే. పాపకి కాదు."

"పాపకి ఎన్ని చుక్కలు పట్టావు?"

"అయ్యో, నేనెందుకు పడతాను? నా కడుపున పుట్టకపోయినా నా చేతుల్లోనే పెరిగింది కదా. నా నోట్లో నువ్వుగింజ నానదని మీరే అంటారు. అలాంటి పని చేసుంటే ఈపాటికి వీధంతా చెప్పేసి ఉండేదాన్ని."

మామూలు రోజైతే ఆ మాటకు అందరం నవ్వేవాళ్ళం. మేం ఆమెను పేరుతో పిలవడం ఎప్పుడో మానేశాం. వసపిట్ట అనేవాళ్ళం. గిన్నె తోముతున్నా గిన్నెతోనే మాట్లాడుతుంది.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె భుజం మీద పాప తడిబట్టలా వేలాడుతోంది. ఏడాది నిండని పిల్ల. ఇంత గొడవ జరుగుతుంటే బెదరాలి, ఏడవాలి, కనీసం అరిచేవాళ్ళ వంక చూడాలి. పాప వరండా పైకప్పు కేసి చూస్తోంది. అక్కడ ఏమీ లేదు.

"చూడు దాన్ని" అన్నాడు అన్నయ్య, గొంతు పెంచకుండానే. "కొన్నాళ్ళుగా ఏడవట్లేదు. నవ్వట్లేదు. మత్తుమందు కాకపోతే ఏంటి?"

ఏడవట్లేదని మొదట కనిపెట్టింది అన్నయ్యే. వదినా, నేనూ గమనించనే లేదు. పైగా బుద్ధిమంతురాలైందని మురిసిపోయాం. తండ్రంటే ఇలా కనిపెట్టుకుని ఉండాలి అనుకున్నాను ఆ రోజు.

వసపిట్ట వస్తువులు ఒక్కొక్కటే ఏరుకుంది. వదిన దగ్గరికి వెళ్ళి పాప పాదం పట్టుకుంది.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది అడగడమే మానేసిందమ్మా. వెనక మీ స్టూడియోలో ఆ సీరియల్ పిల్లేమో గుక్కపట్టి ఏడుస్తుంటుంది, మన పిల్లేమో నోరు మెదపదు. ఇదెక్కడి చోద్యమో నాకు తెలీదు. నా మీద ఒట్టు."

"బయటికి నడు" అన్నాడు అన్నయ్య.

ఆమె వెళ్ళిపోయింది. పుట్టినప్పటినుంచి తనని ఎత్తుకున్న మనిషి గేటు దాటి పోతుంటే పాప తల తిప్పలేదు. ఆ సాయంత్రమే అన్నయ్య పోలీసు స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు.

మాది డబ్బింగ్ ఇల్లు. ముందు సగం కాపురం, వెనక సగం స్టూడియో. మధ్యలో మెత్తలు కుట్టిన బరువైన తలుపు, దాని మీద ఎర్ర బల్బు. బల్బు వెలిగితే చీమ కూడా చిటుక్కుమనకూడదు, తలుపు మీద చెయ్యి వేయకూడదు. ఇల్లు తగలబడుతున్నా బల్బు ఆరాకే చెప్పాలని వదిన ఎగతాళి చేసేది. తలుపు లోపల రెండు గదులు. ఒకటి మైకు ఉండే గది. రెండోది అన్నయ్య కూర్చునే గది. రెంటికీ మధ్య పెద్ద అద్దం.

అన్నయ్య సౌండ్ ఇంజనీరు. వదిన గొంతులో ఊరంత మంది ఉన్నారు. ముసలమ్మ నుంచి పసిపిల్ల దాకా ఎవరి గొంతైనా పలుకుతుంది. నేను విలన్‌ని. చూడటానికి గాలికి ఎగిరిపోయేలా ఉంటాను కానీ, పరభాషా సీరియళ్ళలో గూండాలందరూ నా గొంతుతోనే బెదిరిస్తారు, నా గొంతుతోనే చస్తారు. ఇంట్లో కూడా నా పేరు విలనే.

ఆ వేసవిలో మాకో పెద్ద సీరియల్ వచ్చింది. అందులో ఒక పసిపిల్లను ఎత్తుకుపోతారు. వారాల తరబడి పిల్ల దొంగల దగ్గరే ఉంటుంది. తల్లి ఊళ్ళు పట్టి తిరుగుతుంది. తల్లి గొంతు వదినది. ఎత్తుకుపోయినవాడి గొంతు నాది. పిల్ల ఏడుపు కూడా వదినే ఏడ్చింది. ఛానల్ వాళ్ళు ఆ టేపు వెనక్కి పంపారు. "పిల్ల ఏడ్చినట్టు లేదు, పిల్లి అరిచినట్టుంది. ఒరిజినల్‌లో ఏడుపు వింటే గుండె ఆగిపోతుంది. అలాంటిది కావాలి. లేదంటే వేరే స్టూడియో చూసుకుంటాం" అన్నారు.

అన్నయ్య అన్నం సయించక తిరిగాడు. తర్వాత ఒకరోజు మళ్ళీ పంపాడు. ఈసారి ఛానల్ వాళ్ళు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. ఎక్కడిదని అడిగాను.

"పాత సౌండ్ లైబ్రరీలో దొరికిందిరా" అన్నాడు.

ఆ వేసవిలోనే అన్నయ్య మంచి తండ్రి కూడా అయ్యాడు. వదిన మధ్యాహ్నాలు ఛానల్ ఆఫీసుకు వెళ్ళేది. నేను వేరే స్టూడియోల్లో చావడానికి వెళ్ళేవాణ్ణి. "నువ్వు భోంచేసి కాస్త నడుం వాల్చు, పాపని నేను చూసుకుంటాను" అని వసపిట్ట చేతుల్లోంచి పాపను తీసుకునేవాడు. "మొగుడంటే మీ ఆయనేనమ్మా. మా ఆయన మా పిల్లల పేర్లు కూడా తప్పుగా పిలిచేవాడు" అని ఆమె వదినతో చెప్పుకుని మురిసేది.

అంతకుముందు పాపకు నేనంటే పిచ్చి. నేను సీరియల్‌లో నవ్వే విలన్ నవ్వు నవ్వితే చాలు, ముందు కళ్ళు పెద్దవి చేసి, వాళ్ళమ్మ మొహం చూసి, అమ్మ నవ్వుతోందని తేల్చుకుని అప్పుడు కిలకిలా నవ్వేది. నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు వచ్చేవి. ఆపితే నా పెదాల మీద వేలు పెట్టి మళ్ళీ నవ్వమనేది.

ఆయా వెళ్ళిపోయిన మర్నాడు ఆ నవ్వు నవ్వాను. మొహం దగ్గర మొహం పెట్టి నవ్వాను. పాప మెల్లగా తల పక్కకు తిప్పుకుంది. నేను అటు వెళ్ళాను. ఇటు తిప్పుకుంది.

"చాల్లే ఆపు" అంది వదిన. "భయపడుతోందేమో."

"భయపడితే ఏడవాలి కదా వదినా."

వదిన పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ నడివయసు మనిషి. ముందు చెవులు పరీక్ష చేయించమన్నాడు అన్నయ్య. చేశారు. చెవులు బాగున్నాయి. రక్తం తీశారు. పాప సూది కేసి చూసింది, పెదవి వణికింది, అంతే. నర్సు "ఎంత మంచి పిల్లో" అంది. డాక్టరమ్మ నర్సు వంక అదోలా చూసింది.

తర్వాత ఆమె నేల మీద చాప పరిపించి, వదినను పాపకు ఎదురుగా కూర్చోమంది. మాట్లాడమంది, ఆడించమంది. వదిన తనకు తెలిసిన గొంతులన్నీ తీసింది. కాకి, పిల్లి, ముసలమ్మ. పాప చాప అంచు గిల్లుతూ కూర్చుంది. ఎత్తుకో అని చేతులు చాచలేదు. వదిన ఎత్తుకుంటే వద్దనలేదు. దించితే వెతకలేదు.

"ఈ వయసులో పిల్లలకి మాటలుండవు. మొహమే భాష" అంది డాక్టరమ్మ. "పిల్ల నవ్వుతుంది, మనం నవ్వుతాం. పిల్ల ఏడుస్తుంది, మనం వెళ్తాం. ఇలా రోజుకి ఎన్నిసార్లో. అలా వెళ్తుంటే, నేను పిలిస్తే ఎవరో ఒకరు వస్తారని దానికి ఓ నమ్మకం కుదురుతుంది. నడక, మాటలు అన్నీ ఆ నమ్మకం మీదే లేస్తాయి. మీ పాప పిలిచింది. బాగా పిలిచింది. ఎవరో పలకలేదు. ఒకసారి రెండుసార్లు కాదు. అందుకని పిలవడం మానేసింది."

"ఆయా" అన్నాడు అన్నయ్య.

"కావచ్చు. రక్తంలో మందు లేదని తేలితే, గదిలో పడేసి వదిలేసేదేమో కనుక్కోవాలి. ఇది పోలీసులకి రాసివ్వాల్సిన కేసు."

"మళ్ళీ మామూలవుతుందా?" వదిన అడిగింది.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి తీసి మళ్ళీ పెట్టింది. "నవ్వొచ్చు. కానీ ఎవర్ని చూసి నవ్వాలన్నా ముందు కాస్త ఆగి చూస్తుంది. ఆ ఆగడం పోతుందని మాత్రం నేను మాటివ్వలేనమ్మా."

రక్తం రిపోర్టు వచ్చిన రోజు మళ్ళీ రమ్మన్నారు. అదే రోజు మధ్యాహ్నం పోలీసావిడ ఆయాను కూడా అక్కడికే తీసుకొస్తుందన్నారు. అన్నయ్యకు మిక్సింగ్ పని ఉండి ఇంట్లోనే ఉండిపోయాడు. వదినా, నేనూ, పాపా వెళ్ళి హాల్లో కూర్చున్నాం.

గోడకు టీవీ ఉంది. మా సీరియలే, రాత్రి వచ్చిన భాగం మళ్ళీ వేస్తున్నారు. గొంతులిచ్చామే కానీ, దాన్ని టీవీలో మేం చూడటం అదే మొదటిసారి. కౌంటర్లో అమ్మాయి శబ్దం పెంచింది.

తెర మీద చీకటి గోడౌను. గోనెసంచుల మధ్య పసిపిల్ల. ఏడుపు మొదలైంది.

అది మామూలు ఏడుపు కాదు. మొదట పిలుపులా ఉంది. ఆగి, ఎవరైనా వస్తారేమోనని చూసినట్టుంది. తర్వాత గట్టిగా. తర్వాత ఇంకా గట్టిగా, ఊపిరి అందకుండా. హాల్లో ఒక తల్లి ఒళ్ళో పిల్లాడు ఉలిక్కిపడి బావురుమన్నాడు. వాడిని చూసి పక్క పిల్ల అందుకుంది. తల్లులంతా "ఊరుకో ఊరుకో, అది టీవీరా" అని జోకొడుతున్నారు. హాలంతా పసిపిల్లల ఏడుపు.

మా పాప ఒక్కతే తిరిగే ఫ్యాను చూస్తోంది.

టీవీలో నా గొంతు వినపడింది. "ఏడువు. ఎంత ఏడ్చినా ఇక్కడికి ఎవరూ రారు."

వదిన నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. ఆమె మొహం చూశాను, తర్వాత కిందికి చూసి వెంటనే కళ్ళు తిప్పుకున్నాను. జాకెట్టు ముందంతా తడిసిపోయి ఉంది. పాప అడగడం మానేశాక వదినకు పాలు తగ్గిపోయాయి. డబ్బా పాలే పడుతోంది. ఇప్పుడు టీవీలో ఏడుపు వింటుంటే పాలు వాటంతటవే కారిపోతున్నాయి.

"అది నా కూతురు" అంది.

"వదినా, ఎఫెక్ట్ అది. లైబ్రరీలోది."

"ఇంతమంది పిల్లల గొంతులు పలికాను. నా పిల్ల గొంతు నాకు తెలీదా? గుక్క తిప్పుకునే దగ్గర చిన్న విరుపు ఉంటుంది దానికి. విను. విన్నావా? అదీ."

విన్నాను.

తెర మీద ఇప్పుడు తల్లి కలలో పిల్లను చూస్తోంది. చేతులు చాచింది. హాలంతా వదిన గొంతు నిండింది. "వచ్చేశా బంగారం. అమ్మ వచ్చేసింది. ఏడవకు. వచ్చేశా." ఆ మాటలు వదిన మా స్టూడియోలో, ఒరిజినల్ టేపులో వేరే ఎవరో పిల్ల ఏడుపు వింటూ చెప్పింది. అన్నయ్య తర్వాత ఏడుపు మార్చాడు.

వదిన పాపను దగ్గరికి తీసుకుని చెవిలో అవే మాటలు చెప్పింది. వచ్చేశా బంగారం అంది. పాప మెడ కూడా తిప్పలేదు.

"ఎలా రికార్డు చేశాడో కనుక్కునిరా" అంది నాతో. "నేను వస్తే ఏం చేస్తానో నాకే తెలీదు."

ఇంటికి వెళ్ళేసరికి ఎర్ర బల్బు వెలుగుతోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అది వెలుగుతుండగానే ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

అన్నయ్య చెవులకున్న హెడ్‌ఫోన్లు తీశాడు. "కళ్ళు నెత్తికెక్కాయా? బల్బు కనపళ్ళేదా?"

"ఆ ఏడుపు పాపదేనా?"

అబద్ధం చెబుతాడనుకున్నాను. అన్నయ్య మొహం వెలిగింది. ఎన్నాళ్ళుగానో ఎవరికైనా చెప్పుకోవాలని ఆగినవాడిలా ఉన్నాడు.

"నువ్వు కనిపెట్టావన్నమాట. ఎలా ఉంది? మన రంగంలో అలాంటి ఏడుపు ఎవడి దగ్గరైనా ఉందా? ఆకలేడుపు వేరు, నిద్రేడుపు వేరు. ఇది పిలిచే ఏడుపురా. అది మైకు గదిలో ఒంటరిగా వదిలేస్తే రాదు. ఒంటరిగా ఉంటే పాప కాసేపు ఏడ్చి ఆడుకునేది."

"మరి?"

"నేను కనపడాలి." అద్దం చూపించాడు. "దాన్ని అక్కడ చాప మీద కూర్చోబెట్టి, ఇక్కడ ఈ కుర్చీలో కూర్చునేవాణ్ణి. మొదట నవ్వేది. చేతులు ఊపేది. అటు ఇటు చూసి మళ్ళీ నవ్వేది. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాణ్ణి. కనురెప్ప కూడా ఆడించేవాణ్ణి కాదు. మొహంలో ఏ కాస్త కదలిక కనపడినా ఊరుకునేది మరి, టేకు పోయేది. అప్పుడు పాక్కుంటూ వచ్చి అద్దం కొట్టేది. ఆ తర్వాత మొదలయ్యేది అసలు ఏడుపు."

"రోజూనా?"

"రోజూ కాదు. వాళ్ళు ఎపిసోడ్లు అడిగినప్పుడల్లా." నా చూపు చూసి గొంతు తగ్గించాడు. "నేను దాన్ని వదిలి వెళ్ళలేదురా. ఎదురుగానే ఉన్నాను. అంతసేపూ నన్ను చూస్తూనే ఉంది. చెయ్యి వేశానా, గిల్లానా? టేకు అయ్యాక వెళ్ళి ఎత్తుకునేవాణ్ణి."

"ఎత్తుకుంటే ఊరుకునేదా?"

"అప్పటికి తనే ఊరుకునేది."

అద్దం వంక చూశాను. అద్దం మీద అవతలివైపు, కింద, చిన్న చిన్న చేతుల మరకలు. అన్నయ్య ఈ గదిలో దుమ్ము కణం కూడా ఉంచడు. ఆ మరకలు ఎందుకు తుడవలేదో అడగాలనుకుని అడగలేదు.

"తర్వాత ఒకరోజు కూర్చోబెట్టగానే అటు తిరిగి కూర్చుంది" అన్నాడు. "నా వంక చూడనే లేదు. ఏడవనూ లేదు. మర్నాడూ అంతే. ఇంకా కొన్ని ఎపిసోడ్లకి కావాలి. ఆయా ఏదో పట్టిందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. రికార్డింగ్ వల్ల ఎక్కడైనా జబ్బొస్తుందా? నువ్వే చెప్పు."

"ఆసుపత్రికి పద" అన్నాను.

కారు అన్నయ్యే నడిపాడు. సిగ్నల్ దగ్గర ఆపి, స్టీరింగ్ మీద నుదురు ఆనించి అన్నాడు.

"చెప్పకురా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఆయా ఎలాగూ వెళ్ళిపోయింది. ఆవిడకేం, నోరున్న మనిషి, ఇంకో ఇల్లు దొరుకుతుంది. నాకు ఇంకో పాప దొరకదు."

"వదినకి తెలుసు. గొంతు గుర్తుపట్టింది."

"గొంతే కదా. అద్దం సంగతి తెలీదు కదా."

వెనక కారువాడు హారన్ కొట్టాడు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు పాప బడికి వెళ్తోంది. నడక ఆలస్యంగా వచ్చింది, మాటలు ఇంకా ఆలస్యంగా. టీచర్లకు ఆమె అంటే ఇష్టం. పడినా ఏడవదు, ఎవరితోనూ గొడవ పడదు, మూల కూర్చోమంటే మూల కూర్చుంటుంది. ఎంత నెమ్మదైన పిల్లో అంటారు. ఆ మాట వినగానే వదిన లేచి బయటికి వెళ్ళిపోతుంది. ఎవరైనా ఎదురుగా కూర్చుని నేరుగా మొహంలోకి చూస్తే పాప పక్కనున్న గోడను చూస్తుంది. మేం పక్కనే కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నాం. డాక్టరమ్మ మాటివ్వలేనంది సరిగ్గా దాని గురించే. వదిన మళ్ళీ మైకు ముందు నిలబడలేదు. నేను నిలబడ్డాను, నాకు వేరే పని రాదు. కానీ ఆ విలన్ నవ్వు ఇంక నవ్వలేకపోయాను. చనిపోయే గూండాల దగ్గరే ఆగిపోయాను.

ఆ రోజు సిగ్నల్ దాటి మేం ఆసుపత్రికి చేరేసరికి డాక్టరమ్మ గదిలో అందరూ ఉన్నారు. బల్ల పక్కన పోలీసావిడ కాగితాల మీద ఏదో రాస్తోంది. స్టూలు మీద వసపిట్ట. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, అయినా నోరు ఆగలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా. మధ్యాహ్నం అయ్యగారే తీసుకునేవారు. నేను పడుకునేదాన్ని, అది తప్పయితే రాసుకోండి. ఒకరోజు తలుపు దాకా వెళ్ళాను. లోపల ఏడుపు వినిపించి. బల్బు వెలుగుతోంది. తర్వాత అడిగితే సీరియల్ పిల్ల అన్నారు. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు, అది వాళ్ళ వ్యాపారం. నాకేం తెలుస్తుంది?"

నన్ను చూసి లేచింది. వదిన ఒళ్ళో పాపను చూసింది. ఎవరి అనుమతీ అడక్కుండా దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, రోజూ పలకరించినట్టే పలకరించింది.

"ఏవమ్మా దొరసానీ, పాలు తాగావా? మీ విలన్ బాబాయ్ ఏడిపించాడా? నా మీద కోపమా? వెళ్ళిపోయాననా? వెళ్ళగొట్టారే తల్లీ. ఇటు చూడు. ఒక్కసారి చూడు. నేనే."

పాప ఆమె భుజం మీదుగా కిటికీని చూసింది. ఆయా కిటికీకి అడ్డంగా జరిగింది. పాప కళ్ళు మూసుకుంది.

వసపిట్ట నోరు ఆగిపోయింది. ఆ మనిషి మాట్లాడకుండా ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

"రక్తంలో ఏ మందూ లేదు" అంది డాక్టరమ్మ. "ఇంక మిగిలింది, పలకకుండా వదిలేసింది ఎవరన్నదే. ఆమే అని తండ్రి రాసిచ్చారు. మీరేమంటారు?"

పోలీసావిడ పెన్ను ఆపి నా వంక చూసింది. వదిన కూడా చూసింది. ఎవరని ఆమె అడగడానికేమీ మిగల్లేదు. ఎలా అన్నది మాత్రమే కావాలి.

అన్నయ్య నా వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. చిన్నప్పుడు చీకట్లో బాత్రూముకు వెళ్ళాలంటే నా వెనక అలాగే నిలబడేవాడు, భయపడకురా నేనున్నాను అని.

"ఆయా పలికేదండీ. అడగకపోయినా పలికేది" అన్నాను. "ఒకరు ఎన్నోసార్లు అద్దం అవతల కూర్చుని పాప ఏడుస్తుంటే చూశారు. కనపడేలా కూర్చుని, కదలకుండా చూశారు. రికార్డింగ్ కోసం."

వదిన చేతులు పాప చుట్టూ బిగుసుకున్నాయి. పాప వద్దనలేదు.

"తమ్ముడూ" అన్నాడు అన్నయ్య మెల్లగా.

"ఎవరు?" అంది డాక్టరమ్మ. "పేరు పెట్టి చెప్పక్కర్లేదు. పాపకి ఏమవుతారో చెప్పండి చాలు. ఆవిడ రాసుకోవాలి."

"వాళ్ళ నాన్న" అన్నాను. "మా అన్నయ్య."